చలికుంపటి మీద రెండో గుడిసె

ఎండల నెల 3
గాలి పడమర. మంచు గట్టిగా ఉంది. పైకి 26, కిందికి 26.

లేవగానే కప్పు మీది బూడిద ఊడ్చాను. పాత బూడిదే, గాలి ఎత్తుకొచ్చింది. మంచుగడ్డలు పగలగొట్టి పెద్ద డేకీసాలో కరగబెట్టాను. పైకి వెళ్ళేవాళ్ళకు కాగిన నీళ్ళు, చోడి అంబలి, అదే రాగిజావ, ఇవ్వడం ఈ గుడిసె పని. ఇంకో పని చెప్పడం. జెండా కర్రలు దాటి అడుగు పెట్టకండి, మంచు కింద పగుళ్ళు పైకి కనబడవు. నల్లటి పల్లాల్లో కూర్చోకండి. మధ్యాహ్నం దాటాక గోడ కింద నిలబడకండి, ఎండకు మంచు పట్టు వదిలి రాళ్ళు రాలతాయి.

వింటారు, తలలు ఊపుతారు. ఊపుతూనే మెడలోని పిలుపు పూసను ఒకసారి తడుముకుంటారు. ఆ పూస నొక్కితే చాలు, ఇరవై నిమిషాల్లో గాలి డోలీ ఎగిరొచ్చి మనిషిని ఎత్తుకుపోతుంది. అయిదేళ్ళ కిందటి వరకు కాలు విరిగినవాణ్ణి కర్రకు దుప్పటి కట్టి భుజాల మీద దించేవాళ్ళం. నలభైమందిమి ఉండేవాళ్ళం, తాడు మనుషులమని పేరు. ఇప్పుడు ఇద్దరం మిగిలాం. నేను, సూరాడ కోర్లమ్మ, యాభై ఆరేళ్ళు. బిడ్డిక సుక్కయ్య, అరవై దాటాయి. ఎంత దాటాయో చెప్పడు, నన్ను మాత్రం అప్పా అంటాడు, అక్కనని.

మునిగిపోయిన తీరం విడిచి ఓడల్లో ఈ దక్షిణ దీవికి చేరిన మా తాతలు, నెత్తిన మంచు, కడుపులో నిప్పు ఉన్న ఈ కొండను చూసి చలికుంపటి అన్నారట. పేరు అదే నిలిచింది.

ఈ పుస్తకంలో రోజూ రాయాలన్నది పాత నియమం. ఎవరూ చదవరు. అయినా రాస్తాను.

ఎండల నెల 6
గాలి లేదు. పైకి 31, కిందికి 30. ఒకరు గుడిసెలో.

ఆ ఒకరు తాయారు గారు. అరవై మూడేళ్ళ మనిషి. ముప్పై ఏళ్ళు మందుల షాపు నడిపి, మూసేసి, ఒంటరిగా ఓడెక్కి వచ్చారు. గుడిసెకు కాస్త పైన చలిగాలి తగలని పల్లం చూసుకుని కూర్చున్నారు. నేను పిలిస్తే చెయ్యి ఊపారు. రెండోసారి పిలిస్తే ఊపలేదు.

సుక్కయ్య లాంతరు వెలిగించుకుని పరుగెత్తాడు. పల్లంలోకి దిగి లాంతరును మోకాళ్ళ దాకా దించగానే దీపం ఆరిపోయింది. అది కొండ లోపలి నుంచి వచ్చే చెడ్డగాలి. బరువైనది, నీళ్ళలా పల్లాన నిలుస్తుంది. రంగూ వాసనా ఉండవు. అతను ఊపిరి బిగబట్టి, ఆవిడను చంకల కింద పట్టి ఒక్క ఈడ్పున గట్టు మీద పడేశాడు. తరవాత తానూ పక్కనే పడి దగ్గాడు.

తేరుకున్నాక అడిగాను. "పూస నొక్కలేదేటమ్మా?"

"ఎందుకు నొక్కాలి? హాయిగా నిద్ర పడుతోందనుకున్నాను" అన్నారావిడ.

గాలి డోలీ గొప్ప యంత్రమే, దానిమీద నాకు పగ లేదు. దాని పుణ్యాన బతికినవాళ్ళను నా కళ్ళతో చూశాను. కానీ అది పిలిస్తే వస్తుంది. ప్రమాదమని తెలియనివాళ్ళు ఎలా పిలుస్తారు?

తాయారు గారికి ఇంకా తల తిరుగుతోంది. నాలుగు రోజులు ఉండమన్నాం. ఊరికే కూర్చోలేక అంబలి కలుపుతున్నారు. ఉండలు కడుతోంది. ఏమీ అనలేదు.

ఎండల నెల 9
ఎండ ముదిరింది. పైకి 40, కిందికి 40.

గుడిసె నిలబడ్డ రాతిగుట్ట కింద లోతుగా పాలవాగు పారుతుంది. మంచు అడుగు నుంచి పుట్టి, లోయ వెంట దిగి, కొండ మొదట్లో ఉన్న మజిలీ పక్కనుంచి సముద్రానికి పోతుంది. మజిలీలో డేరాలు, హోటళ్ళు, రెండు వందలకు పైగా జనం. పైకి పోయే నిచ్చెనల దారి కూడా ఈ వాగు లోయలోనే వేశారు. గాలి డోలీలు వచ్చాక వేసిన దారి. సులువు, దగ్గర.

వాగులో మా గంట్ల కర్ర ఉంది. ఈ వారం నీళ్ళు మూడు గంట్లు తగ్గాయి. ఎండ పెరిగితే మంచు కరుగుతుంది, మంచు కరిగితే వాగు పెరగాలి. పైగా నీళ్ళు కుళ్ళిన గుడ్డు వాసన వేస్తున్నాయి.

సుక్కయ్య దోసిట్లో పట్టి వాసన చూసి పారబోశాడు. "నీరు ఎక్కడికి పోతాది అప్పా? పైనే ఎక్కడో కూకున్నాది."

రేవులోని కచేరీకి రేడియో పెట్టెలో మాట్లాడాను. అక్కడ కొండ వ్యవహారం చూసేది వకుళ గారు. చిన్న వయసు, మర్యాద తెలిసిన మనిషి, విసుక్కోదు.

"కోర్లమ్మ గారూ, కొండ మీద అదురు వినడానికి పెట్టిన పదహారు చెవులూ నిశ్శబ్దంగా ఉన్నాయండీ. నిన్న రాత్రి నుంచి ఒక్క అదురు కూడా లేదు."

"అదిరితే ఆటికి తెలుస్తాది తల్లీ. నీరు నిలబడితే సప్పుడేటుంటాది?"

"శిఖరం మీది మబ్బు విడితే డోలీ పంపి పైనుంచి ఫొటోలు తీయిస్తాను" అంది. నిజంగానే రాసుకుంటున్న చప్పుడు వినిపించింది.

ఎండల నెల 11
మబ్బు. పైకి 18, కిందికి 18.

మబ్బు విడలేదు. మేమే వెళ్ళి చూశాం.

పాత మంచుదారిలో ఒకప్పుడు బల్లపరుపుగా ఉన్న చోట మంచు గిన్నెలా కిందికి దిగింది. అంచు నుంచి అడుగుకు తాటిచెట్టు ఎత్తు ఉంటుంది. చుట్టూ గుండ్రంగా పగుళ్ళు, ఒకదాని బయట ఒకటి. అడుగున కొండ వేడికి మంచు కరిగి చెరువవుతోంది, పైకప్పు కుంగుతోంది. ఆ చెరువుకు వాగు లోయ తప్ప బయటికి దారి లేదు. దానికి అడ్డంగా ఉన్న మంచు ఎన్నాళ్ళు ఆపుతుందో ఎవరికీ తెలియదు. మా మామ బతికుండగా ఒకసారి ఇలా తెగిందట. అప్పుడు మజిలీ లేదు కాబట్టి ఎవరూ చావలేదు, ఎవరూ గుర్తుపెట్టుకోలేదు.

వకుళ గారికి అంతా చెప్పాను.

"మీరు చెప్పింది నేను నమ్ముతున్నాను. కానీ పైవాళ్ళు నా నమ్మకం అడగరండీ. చూపించడానికి ఏదో ఒకటి కావాలి."

"గిన్నె ఉన్నాది. వొచ్చి సూసుకోమను."

ఎండల నెల 12
పైకి 11. కిందికి ఇంకా రాలేదు.

రెండు సంగతులు.

ఒకటి, కచేరీ ఉత్తరువు. గుడిసెల అవసరం తీరిపోయినందున పదిహేనో తేదీకి తాళాలు వేసి కాపరులు దిగిపోవాలి. గడువు దాటి ఉంటే కొండ ఎక్కే అనుమతి జీవితాంతం రద్దు. ఇది వకుళ గారు రాసింది కాదు, కింద సంతకం వేరే ఉంది.

రెండోది, పదకొండుమంది జట్టు. శిఖరం కింద మెడ అనే చోట డేరాలు వేసుకుని, నాలుగు రోజులుండి, నిప్పుగుండం అంచు చూసి వస్తారట. నాయకుడు కౌండిన్య, ముప్పై ఏళ్ళవాడు. నుదుటి మీద కెమెరా కట్టుకుని నడుస్తాడు, లక్షమంది ఇళ్ళలో కూర్చుని అతని నడక చూస్తారు. జట్టులో నీలాంబర్, ప్రద్యుమ్న అని అన్నదమ్ములున్నారు. నెమ్మదైన పిల్లలు. తాగిన గిన్నెలు కడిగి పెట్టారు. ఇన్నేళ్ళలో ఆ పని చేసినవాళ్ళు అయిదారుగురు ఉంటారేమో. పదకొండో మనిషి తాయారు గారు.

గిన్నె సంగతి దాచకుండా చెప్పాను. కౌండిన్య ఓపిగ్గా విన్నాడు.

"అమ్మా, మాకు అనుమతి ఉంది. వాతావరణం బాగుంది. ఏమైనా అయితే పూసలున్నాయి."

తాయారు గారిని పక్కకు లాగాను. ఆవిడ నా చెయ్యి పట్టుకున్నారు. "ముప్పై రోజులు ఓడలో వచ్చాను కోర్లమ్మా. భూమి ఊపిరి పీల్చడం ఒకసారి చూసి వస్తాను. పైన నువ్వేం చెయ్యమంటే అది చేస్తాను, సరేనా?"

కోపం వచ్చింది. ఆవిడ బూట్లకు మంచులో జారకుండా ఇనప ముళ్ళు నేనే బిగించాను.

ఎండల నెల 15
వాగు ఆగిపోయింది.

పొద్దున్నే చప్పుడు లేకపోవడంతోనే మెలకువ వచ్చింది. ముప్పై ఏళ్ళుగా చెవిలో ఉన్న చప్పుడు. గుట్ట అంచుకు పోయి చూస్తే తడిసిన రాళ్ళు, మధ్యలో చిన్న చిన్న మడుగులు.

ఉత్తరువు ప్రకారం ఈ రోజు దిగిపోవాలి. సుక్కయ్యను అడిగాను.

"నువ్వెల్తావేటి?"

"నువ్వు?"

"నానెల్లను."

"అయితే మరి అడగడం దేనికప్పా?" అని తాడు చుట్ట భుజాన వేసుకున్నాడు.

నిచ్చెనల దారి మొదట్లో, రెండు బండల మధ్య, నడుము ఎత్తున తాడు కట్టి నేను ఇటు నిలబడ్డాను, అతను అటు. పొద్దెక్కేసరికి నలభై రెండు మంది వచ్చారు. అరిచారు, బతిమాలారు. ఒకాయన తన హోదా చెప్పాడు. నేను వాగు చూపించి, "నిన్న ఇక్కడ నీరు పారింది, నేడు పారట్నేదు. ఆ నీరు మీ నెత్తి మీదున్నాది" అన్నాను. సగంమంది అప్పుడే తిరిగారు. మిగతావాళ్ళు ఫిర్యాదు రాస్తామన్నారు. రాయమన్నాను. నా పేరు తప్పు రాస్తుంటే సరిదిద్దాను కూడా. కోర్లమ్మ, కోటమ్మ కాదు.

మధ్యాహ్నం గుడిసెకు కరెంటు ఆపేశారు. పెట్టె చేత్తో తిప్పితే పలుకుతుంది, అది చాలు. ఎండు నెత్తళ్ళు, చోడిపిండి పది రోజులకు వస్తాయి. మెడ మీది వాళ్ళను దిగి రమ్మని పెట్టెలో నాలుగుసార్లు చెప్పాను. దిగితే లోయ దారి కాకుండా మంచు మీదుగా రావాలని, మేమొచ్చి తీసుకొస్తామని. రేపు గుండం చూసి ఎల్లుండి వస్తామన్నాడు కౌండిన్య.

ఉత్తరువు కాగితం వెనక పక్క తెల్లగా ఉంది. ఉపయోగపడుతుంది, ఉంచాను.

ఎండల నెల 17
నిన్నటిది ఈ రోజు రాస్తున్నాను. నిన్న పెన్ను పట్టుకోలేకపోయాను.

తెల్లవారుతుండగా పైన దభీమని శబ్దం. తలుపు తీస్తే శిఖరం మీద బూడిదరంగు ఆవిరి గొడుగులా లేచి ఉంది. పెద్దది కాదు. కానీ కాసేపట్లో బూడిద రాలడం మొదలైంది, మొహానికి ఇసుక కొట్టినట్టు.

పెట్టె మోగింది. వకుళ గారు. "రెండు డోలీలు లేపాం, రెండూ పడిపోయాయి. బూడిద రెక్కల్ని తినేస్తోంది. మెడ మీద పదకొండు పూసలూ మోగుతున్నాయి. కోర్లమ్మ గారూ, మీరు గుడిసెలో ఉన్నారా?"

"నిన్నే దిగిపొమ్మన్నారు గదా."

"ఉన్నారా, లేరా?"

"ఉన్నాం. ఎల్తన్నాం. నువ్వు కింద మజిలీ కాళీ చేయించు తల్లీ. పక్కనున్న గుట్ట మీదికెక్కించు, అందరినీ."

"సైరన్ మోగించాలంటే పైనుంచి అనుమతి రావాలి. అడుగుతాను, కానీ..."

"అనుమతొచ్చీలోగా నీరొచ్చీస్తాది" అని పెట్టె వదిలేశాను. తిప్పుతూ కూర్చునే సమయం లేదు.

లోయలో నిచ్చెనల మీద పోతే మూడు గంటల్లో మెడ. మంచు మీద పాత దారిలో అయిదు గంటలు. ఏ దారో మేం మాట్లాడుకోలేదు. కర్రలు మోపుగా కట్టుకుని మంచు మీదికే ఎక్కాం. ప్రతి యాభై అడుగులకు ఒక కర్ర పాతుతూ, దిగేటప్పుడు వెతుక్కోకుండా. గిన్నెకు దూరంగా పోయాం. అది మొదట చూసినప్పటికన్నా లోతుగా ఉంది, అడుగున నీలంగా నీళ్ళు మెరుస్తున్నాయి.

మెడ చేరేసరికి డేరాలు బూడిద బరువుకు కుంగి ఉన్నాయి. అందరూ పూసలు పట్టుకుని ఆకాశం కేసి చూస్తున్నారు. నేను కనబడగానే కౌండిన్య అడిగిన మొదటి మాట, "డోలీ ఎప్పుడొస్తుంది?"

"రాదు. లెగండి. తాడు కట్టుకోండి."

నీలాంబర్ తమ్ముణ్ణి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ప్రద్యుమ్నకు రాత్రి నుంచి వాంతులు, తల పగిలే నొప్పి, మాట తడబడుతోంది. ఎత్తు పడని జబ్బు. దానికి మందు ఒక్కటే, దిగడం.

"మంచు మీద ఎంతసేపు?" అని అడిగాడు నీలాంబర్.

"నాలుగు గంటలు."

"లోయలో?"

అబద్ధం చెప్పి ఉండాల్సింది. "రెండు" అన్నాను.

అతను తమ్ముడి మొహం చూశాడు. నాకు అర్థమైంది. "బాబూ, ఆ లోయ మీద సెరువు ఏలాడతంది. నీ తమ్ముణ్ణి మా సుక్కయ్య మోస్తాడు, నాను మోస్తాను. ఈ దారినే రా." బతిమాలాను. రెండు చేతులూ పట్టుకున్నాను.

"నాలుగు గంటలు వీడు బతకడమ్మా" అన్నాడు. అతని కళ్ళలో పొగరు లేదు. నన్ను పక్కకు నెట్టలేదు కూడా, నెమ్మదిగా చేతులు విడిపించుకున్నాడు. తమ్ముణ్ణి తన నడుముకు తాడుతో కట్టుకుని లోయలోకి దిగాడు. మరో ఇద్దరు వాళ్ళ వెంట కదిలారు. అప్పుడు తాయారు గారు గట్టిగా అరిచారు. "నేను ఈ కొండ మీద ఒకసారి చచ్చి బతికాను! కంటికి కనబడనిదేదో వీళ్ళకు కనబడుతుంది. నేను వీళ్ళతో వెళ్తున్నాను. మీరూ రండి!" ఆ ఇద్దరూ ఆగారు.

అన్నదమ్ముల వెనక పరుగెత్తాలా, ఈ తొమ్మిదిమందిని నడిపించాలా? నడిపించాను. అప్పటి నుంచి అదే ఆలోచన. ఇంకా తెగలేదు.

సుక్కయ్య ముందు, అతని వెనక కౌండిన్య, తరవాత మిగతావాళ్ళు, చివర నేను. బూడిద పడి మంచంతా ఒకే రంగులో ఉంది. పగుళ్ళ మీద పలచగా కప్పిన మంచును ముందు రోజైతే నీడను బట్టి పసిగట్టొచ్చు, ఇప్పుడు కర్రతో పొడిచి చూడాల్సిందే. కర్ర దిగబడితే పక్కకు, ఆగితే ముందుకు. పొద్దున మేం దాటిన చోట్లే పగటి వేడికి మెత్తబడ్డాయి. రెండు దాటాం. మూడోది సుక్కయ్య బరువుకు విరిగింది.

మనిషి కనబడకుండా పోయాడు. తాడు సర్రున పరుగెత్తింది. కౌండిన్య వెనక్కి పడి, మంచుగొడ్డలి గుచ్చి, దానిమీద బోర్లా పడుకున్నాడు. ఈడ్చుకుపోతూ అంచుకు మూరెడు దూరంలో ఆగాడు. అందరం లాగాం. తాయారు గారు నా ముందు, మడమలు తన్నిపెట్టి, పళ్ళు బిగించి లాగుతున్నారు. సుక్కయ్య తల బయటికి వచ్చింది. ఎడమ భుజం జారి చెయ్యి వేలాడుతోంది.

"పొగాకు తిత్తి లోపల పడిపోనాది" అన్నాడు.

ఎవరో నవ్వారు, ఏడుపు లాంటి నవ్వు. అది ఆగకముందే మంచు మూలిగింది.

అడుగుల కింద నుంచి పొడుగాటి మూలుగు. మాకు ఎడమగా, దూరంగా, గిన్నె మధ్యభాగం ఒక్కసారిగా దిగిపోయింది. తరవాత లోయలో హోరు. ఇల్లంత మంచు పలకలు, బండరాళ్ళు, నల్లటి బురదనీళ్ళు ఒకదాన్నొకటి తొక్కుకుంటూ పోయాయి. నిచ్చెనలు అగ్గిపుల్లల్లా పైకి లేచాయి. మేం నిలబడి చూశాం. కౌండిన్య నుదుటి మీది కెమెరా తీసి, బోర్లా పట్టుకుని, కూర్చుండిపోయాడు. "వాళ్ళకి ఇంకో పావుగంట దొరికుంటే..." అన్నాడు. నేను కూడా అదే లెక్క వేస్తున్నాను.

అప్పుడు వినిపించింది. కింద, చాలా కింద, మజిలీ సైరన్. మోగుతూనే ఉంది.

గుడిసె చేరేసరికి సాయంత్రం. తొమ్మిదిమందీ నడిచే వచ్చారు.

పైకి 11. కిందికి 9.

ఎండల నెల 19
బూడిద ఆగింది.

మజిలీ లేదు. డేరాలు, హోటళ్ళు, వంతెన, ఏవీ లేవు. మనుషులున్నారు. రెండు వందల పన్నెండు మంది, అందరూ మజిలీ పక్క గుట్ట మీద. వకుళ గారు అనుమతి కోసం ఆగలేదు. అడిగిందట, ఆలోచిస్తామన్నారట, మధ్యాహ్నమైనా జవాబు రాకపోతే తనే లేచి సైరన్ మోగించిందట. అరగంట తరవాత నీళ్ళు వచ్చాయి.

అన్నదమ్ములు ఈ మధ్యాహ్నం దొరికారు. తాడు తెగలేదు. సుక్కయ్య ఒంటి చేత్తో ముడి విప్పబోయి ఆగాడు. "ఇలాగే తీసుకెల్దాం అప్పా" అన్నాడు. ఆ పాత కర్ర, దుప్పటి తీశాం. కౌండిన్య ఒక కొస భుజాన ఎత్తుకున్నాడు.

ముసురు నెల 8
రేవు. వాన.

కచేరీకి మా ఇద్దరినీ పిలిచారు. పెద్దాయన తానే లేచి కుర్చీ వేశాడు. టీ తెప్పించాడు. గోడ మీద నా ఫొటో పెడతారట, శాలువా కప్పుతారట. నా అనుమతి కూడా రద్దు చెయ్యరట. ఒక కాగితం మీద సంతకం పెడితే చాలు.

నాకు చదువొచ్చు. మెల్లగా చదివాను. ప్రమాదం ముందుగా ఊహించడానికి వీలు లేనిదని ఉంది. ఇద్దరు సందర్శకులు కాపరుల మాట ధిక్కరించి, తమ అవిధేయత వల్లనే మరణించారని ఉంది.

"నిజమే కదమ్మా? మీరు చెప్పారు, వాళ్ళు వినలేదు" అన్నాడాయన.

"బావూ, తమ్ముడు కళ్ళ ముందు పోతంటే అన్న ఆగుతాడా? ఆడు నా మాట కొట్టీలేదు. తమ్ముణ్ణి బతికించుకుందావనుకున్నాడు. ఆళ్ళ మెళ్ళో పూస యేసింది మీరు. దాన్ని నమ్ముకుని ఎక్కారు. వాగు తగ్గిందని తొమ్మిదో తారీకునే సెప్పినాం. పుస్తకంలో ఉన్నాది."

"ఆ పుస్తకం కచేరీ ఆస్తి. ఇచ్చి వెళ్ళండి."

"ఇది గుడిసెది."

"సంతకం పెట్టకపోతే ఇక కొండ ఎక్కలేరు. ఆలోచించుకోండి."

అప్పుడు తలుపు దగ్గర నిలబడ్డ వకుళ గారు లోపలికి వచ్చింది. అనుమతి లేకుండా సైరన్ మోగించినందుకు ఆమెను ఉద్యోగం నుంచి తప్పించి వారమైంది. ఈ రోజు ఎందుకు వచ్చిందో నాకు తెలియదు. "తొమ్మిదో తేదీ ఆవిడ చెప్పింది నేను రాసుకున్నాను సార్. పదకొండో తేదీది కూడా. ఆ రెండు కాగితాలూ ఆ పిల్లల తల్లిదండ్రులకు పంపించాను" అంది.

పెద్దాయన కాగితాన్ని మళ్ళీ నా ముందుకు జరిపాడు. టీ చల్లారిపోయింది.

కాగితం మీద రెండు వాక్యాలూ కొట్టేసి పక్కన రాశాను. ముందే చెప్పాం, ఎవరూ రాలేదు. దాని కింద సంతకం పెట్టాను. సూరాడ కోర్లమ్మ. సుక్కయ్య కట్టు కట్టిన ఎడమ చెయ్యి కదలక కుడి బొటనవేలు అద్దాడు. దాన్ని చించుతారని తెలుసు. వాళ్ళు చించేది చదివాకే కదా.

మరుసటి ఏడు, ఎండల నెల 1
గాలి పడమర, చల్లగా.

కొండ మూసేశారు. దారి మొదట్లో ఇనప బోర్డు, ఎవరికీ ప్రవేశం లేదని. డోలీలు లేవు, పూసలు లేవు, కాపరులు లేరు. అయినా పోయిన నెలలో తూర్పు పక్కనుంచి దొంగతనంగా ఎక్కిన ముగ్గురిలో ఒకడు చెడ్డగాలి పల్లంలో పోయాడు. మూసేస్తే మనుషులు ఆగుతారా? మా తాతల్ని సముద్రమే ఆపలేకపోయింది. కొండ ఉన్నంతకాలం ఎక్కేవాళ్ళుంటారు. వాళ్ళకు చెప్పేవాళ్ళు ఉండాలి.

ఈ ఉదయం ఆరుగురం బోర్డు దాటాం. నేను, భుజం ఇంకా పూర్తిగా లేవని సుక్కయ్య, మాతో పాత తాడు మనుషులు ఇద్దరు. కౌండిన్య కెమెరా లేకుండా వచ్చాడు, వీపు మీద జెండా కర్రల మోపుతో. ఆరో మనిషి వకుళ. కాళ్ళకు తనకన్నా పెద్ద సైజు బూట్లు, ఎవరివో అడిగి తెచ్చుకుంది.

కాపలావాడు ఎదురొచ్చాడు. "ఎవరి అనుమతితో ఎక్కుతున్నారు?"

"పేర్లు రాసుకో బాబూ. ఆరుగురం. సాయంత్రానికి దిగకపోతే ఎవరికైనా సెప్పు" అన్నాను. అతను జేబులోంచి పెన్ను తీశాడు.

మంచు మొదలయ్యే చోట ఆగాం. వకుళ తాడు కొస చేత్తో పట్టుకుని నా దగ్గరికి వచ్చింది.

"ఇన్నాళ్ళూ పెట్టెలోంచి మీకు ఆజ్ఞలు చదివాను. ఒక్కసారి కూడా ఈ మంచు మీద నిలబడలేదు. ముడి వెయ్యడం నేర్పండమ్మా."

చూపించాను. వేసింది. పట్టి లాగితే జారిపోయింది. విప్పి మళ్ళీ వెయ్యమన్నాను. రెండోసారీ జారింది. వేళ్ళు చలికి ఎర్రబడ్డాయి, చేతి తొడుగు వేసుకోమంటే వినలేదు. మూడోసారి సుక్కయ్య ఏదో చెప్పబోతే నేను వద్దన్నాను. నాలుగోసారి వేసిన ముడి మీద నా బరువంతా వేసి వెనక్కి వాలాను.

నిలిచింది.

"పద" అన్నాను. ఆమెను ముందు నడవనిచ్చి, వెనక తాడు నేను పట్టుకున్నాను.